చదివాకే సంతకం



మనం అక్షరాలు నేర్చుకున్నాం. బస్సు బోర్డు చదువుతున్నాం. రేషను కార్డు మీద మన పేరు చదువుతున్నాం. వేలిముద్ర మాని సంతకం పెడుతున్నాం.

ఈ పాఠంలో ఒక తల్లి కథ ఉంది. ఆమె మూడు కాగితాలు చదివింది. మూడూ ఆమె కూతురి బతుకుకు సంబంధించినవే. ముందు కథ చదువుదాం. తరువాత చట్టం తెలుసుకుందాం.

1. మొదటి కాగితం

దివిసీమలో ఒక ఊరు అనుకోండి. ఆ ఊళ్లో ఒక తల్లి. రొయ్యల షెడ్డులో పనికి వెళుతుంది. చీకటితో వెళితే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి వస్తుంది. భర్త చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. వాళ్లకు ఒక్కతే కూతురు. వయసు పదమూడేళ్లు. హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఇంట్లో ముసలి అత్తగారు కూడా ఉంది. వీధిలో అందరూ ఆమెను మామ్మ అంటారు.

పిల్ల చదువులో చురుకు. కాని రెండు నెలలుగా మారిపోయింది. మంగళవారం వస్తే కడుపునొప్పి అంటుంది. శుక్రవారం వస్తే తలనొప్పి అంటుంది. అన్నం సరిగా తినదు. రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తుంది. "ఏంటమ్మా?" అని అడిగితే "ఏం లేదు" అంటుంది.

తల్లి మొదట కోప్పడింది. "బడి ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తున్నావా?" అంది. పిల్ల మాట్లాడలేదు.

ఒక రాత్రి తల్లి చదువు కేంద్రం నుంచి వచ్చింది. పిల్ల నిద్రపోతోంది. పుస్తకాలు చాప మీద ఉన్నాయి. తల్లికి కొత్తగా చదువు వచ్చింది కదా! ఎక్కడ అక్షరం కనిపించినా చదవాలనిపిస్తుంది. నోటు పుస్తకం తెరిచింది. చివరి పేజీలో పెన్సిలుతో రాసి ఉంది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది.

"స్పెషల్ క్లాసుకు వెళ్లను. మాస్టారు అందరినీ పంపించి నన్ను ఉండమంటాడు. మీద చేతులు వేస్తాడు. ఎవరికి చెప్పను?"

తప్పు చదివానేమో అనుకుంది తల్లి. మళ్లీ చదివింది. మూడోసారి చదివింది. తప్పు కాదు.

తెల్లవారింది. తల్లి పనికి వెళ్లలేదు. పిల్లకు తల దువ్వుతూ మెల్లగా అంది. "అమ్మడూ, నోటు పుస్తకంలో నువ్వు రాసింది చదివాను."

పిల్ల బిత్తరపోయింది. "నీకు చదవడం రాదనుకున్నానమ్మా" అంది. కళ్ల నిండా నీళ్లు. "నన్ను కొడతావా? ఎవరికైనా చెబితే ఫెయిల్ చేస్తానన్నాడు. చెప్పినా ఎవరూ నమ్మరన్నాడు."

"ఎందుకు కొడతానే? తప్పు చేసింది ఆయన. నీ తప్పు ఏమీ లేదు. నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను."

తల్లి గుచ్చి గుచ్చి అడగలేదు. పిల్ల చెప్పినంత వరకు విన్నది. ఆ రోజు బడికి పంపలేదు. తన పక్కనే ఉంచుకుంది.

2. రెండో కాగితం

భర్త మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. "బయటపడితే పరువు పోతుంది. పిల్లను బడి మాన్పించేద్దాం. సంబంధం చూసి పెళ్లి చేసేద్దాం" అన్నాడు.

"తప్పు ఆయన చేస్తే శిక్ష పిల్లకా?" అంది తల్లి.

మామ్మ మంచం మీద నుంచి లేచింది. "నేను 1977 ఉప్పెన చూసినదాన్నిరా. గాలి తీరు మారినప్పుడే జాగ్రత్తపడాలి. నీళ్లు మీదికి వచ్చాక ఏం చెయ్యగలం? పిల్ల ఇప్పుడే చెప్పింది. ఇప్పుడే ఏదో ఒకటి చెయ్యండి" అంది.

తల్లి బడికి వెళ్లింది. హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పింది. ఆమె తలుపు వేసి నెమ్మదిగా అంది. "ఆయన మంచి మాస్టారమ్మా. మంచి మార్కులు తెప్పిస్తాడు. గొడవ చేస్తే బడికి చెడ్డపేరు. నేను మందలిస్తాను. వేరే ఊరికి బదిలీ అయ్యేటట్లు చూస్తాను."

"ఆ ఊళ్లో కూడా ఆడపిల్లలు ఉంటారు కదండీ, మేడమ్ గారూ?" అంది తల్లి. ఆమె జవాబు చెప్పలేదు.

సాయంత్రం నలుగురు పెద్దమనుషులు ఇంటికి వచ్చారు. ఒక స్టాంపు కాగితం తెచ్చారు. "చూడమ్మా, మాస్టారు కాళ్లు పట్టుకుంటానంటున్నాడు. పిల్ల పేరు మీద యాభై వేలు వేస్తాడు. ఇక్కడ వేలిముద్ర వెయ్యండి. ఇంతటితో అయిపోతుంది" అన్నారు.

"చదివి చెబుతాను, బాబాయి గారూ" అంది తల్లి.

పెద్దాయన నవ్వాడు. "నువ్వేం చదువుతావమ్మా?"

తల్లి దీపం దగ్గరకు జరిగింది. అందరికీ వినపడేటట్లు చదివింది. "మా అమ్మాయి చెప్పినది నిజము కాదు. అపార్థము వలన మాస్టారి మీద అపవాదు వేసినాము. ఇకమీదట ఎటువంటి ఫిర్యాదూ చేయము."

చదవడం ఆపింది. "మా పిల్ల అబద్ధం ఆడిందని దీంట్లో రాసి ఉంది. పిల్ల నిజం చెప్పింది. దీని మీద నేను సంతకం పెట్టను" అంది.

భర్త అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్నాడు. ఆ మాటలు విని లేచాడు. "కాగితం తీసుకెళ్లండి" అన్నాడు.

3. మూడో కాగితం

ఆ రాత్రే తల్లి 1098 నంబరుకు ఫోను చేసింది. చదువు కేంద్రం గోడ మీద ఆ నంబరు రాసి ఉంది. అవతలివాళ్లు ఓపికగా విన్నారు. పోలీసులకు చెప్పాలన్నారు.

మరునాడు మహిళా ఎస్.ఐ. ఇంటికే వచ్చింది. ఖాకీ బట్టలు వేసుకోలేదు. చీర కట్టుకుని వచ్చింది. పిల్ల పక్కన చాప మీద కూర్చుంది. అమ్మ దగ్గరే ఉంది. పిల్ల తన మాటల్లో చెప్పింది. ఎస్.ఐ. రాసుకుంది. తరువాత చదివి వినిపించింది.

"ఒక్కసారి నేను కూడా చదువుకుంటానండీ" అంది తల్లి. నెమ్మదిగా చదివింది. ఒకచోట ఆగింది. "ఇక్కడ 'ఒకసారి' అని ఉంది. మా పిల్ల 'చాలాసార్లు' అని చెప్పింది."

ఎస్.ఐ. తప్పు దిద్దింది. అప్పుడు తల్లి సంతకం పెట్టింది. ఎఫ్.ఐ.ఆర్. నకలు చేతికి వచ్చింది. డబ్బు తీసుకోలేదు.

మాస్టారిని అరెస్టు చేశారు. వారం తిరగకుండా మరో ఇద్దరు తల్లులు వచ్చి "మా పిల్లలతో కూడా ఇలాగే చేశాడు" అని చెప్పారు. వీధిలో కొందరు మాట్లాడటం మానేశారు. కొందరు దారిలో ఆపి చెయ్యి పట్టుకుని "మంచి పని చేశావు" అన్నారు. కేసు ఇంకా నడుస్తోంది. పిల్ల మాత్రం బడికి వెళుతోంది. మంగళవారం కూడా వెళుతోంది.

4. చట్టం ఏం చెబుతోంది?

ఇది మనం అల్లుకున్న కథ. కాని ఇందులో చెప్పిన చట్టం నిజమైనది. దాని పేరు పోక్సో చట్టం. బాలలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం అని అర్థం. దీన్ని 2012లో పార్లమెంటు చేసింది. ఆ ఏడాది నవంబరు 14 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ చట్టం ఎవరి కోసం?

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలందరి కోసం. ఆడపిల్లలకూ వర్తిస్తుంది. మగపిల్లలకూ వర్తిస్తుంది. బందరులో హాస్టల్లో ఉండి చదివే పిల్ల, గుడివాడలో బడి బస్సు ఎక్కే పిల్లవాడు, దివిసీమలో నడిచి బడికి వెళ్లే పిల్ల — అందరికీ ఒకటే చట్టం.

బడి ఉద్యోగి చేస్తే శిక్ష ఎక్కువా?

అవును. కంచే చేను మేస్తే ఎలా? మనం పిల్లలను నమ్మి బడికి పంపుతాం. ఆ నమ్మకాన్ని చెడగొట్టినవాడికి చట్టం పెద్ద శిక్ష పెట్టింది. మాస్టారు ఒక్కడే కాదు. గుమాస్తా, అటెండరు, వాచ్‌మన్, బడి నడిపే యజమాని కూడా ఇందులోకి వస్తారు.

చెడు ఉద్దేశంతో పిల్లల ఒంటి మీద చెయ్యి వేస్తే మామూలు మనిషికి 3 నుంచి 5 ఏళ్ల జైలు. బడి ఉద్యోగి అదే పని తన బడి పిల్లలతో చేస్తే 5 నుంచి 7 ఏళ్ల జైలు.

బడి ఉద్యోగి తన బడి పిల్లల మీద అత్యాచారం చేస్తే కనీసం 20 ఏళ్ల జైలు. బతికినంత కాలం జైలు కూడా వెయ్యవచ్చు. ఉరిశిక్ష కూడా పడవచ్చు. 2019లో చట్టాన్ని సవరించి ఈ శిక్షలు పెంచారు.

ముట్టుకోకపోయినా నేరం కావచ్చు. పాడు మాటలు అనడం, పాడు సైగలు చెయ్యడం, ఫోనులో పాడు బొమ్మలు చూపించడం కూడా నేరాలే. వీటికి 3 ఏళ్ల వరకు జైలు.

బట్టల మీద నుంచి ముట్టుకుంటే నేరం కాదా?

నేరమే. చర్మం చర్మానికి తగిలితేనే నేరం అని బొంబాయి హైకోర్టు 2021 జనవరిలో ఒక తీర్పు ఇచ్చింది. అదే ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చూడవలసింది ఉద్దేశం అని చెప్పింది.

తెలిసి కూడా చెప్పకపోతే?

అది కూడా నేరమే. ఎవరికి తెలిసినా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తన కింద పనిచేసేవాడు ఇలాంటి నేరం చేశాడని తెలిసి బడి పెద్ద దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా కూడా. "మందలిస్తాను, బదిలీ చేయిస్తాను" అంటే సరిపోదు. కథలో హెడ్‌మిస్ట్రెస్ చేసింది చట్టం ప్రకారం తప్పు.

పిల్లను పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్లాలా?

అక్కరలేదు. పిల్ల ఇంట్లోనో, పిల్ల కోరిన చోటనో వాంగ్మూలం రాసుకోవాలి. వీలైనంతవరకు ఎస్.ఐ. హోదాకు తగ్గని మహిళా అధికారి రాయాలి. పోలీసు దుస్తుల్లో రాకూడదు. అమ్మానాన్నలో, పిల్ల నమ్మిన మనిషో దగ్గర ఉండాలి. పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. నేరం చేసినవాడు పిల్ల ఎదుట పడకుండా చూడాలి. ఆడపిల్లకు వైద్య పరీక్ష లేడీ డాక్టరే చెయ్యాలి.

ఫిర్యాదును పోలీసులు కాగితం మీద రాయాలి. చెప్పినవారికి చదివి వినిపించాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. "మా స్టేషన్ పరిధి కాదు" అని పంపించకూడదు. ఏ స్టేషన్‌లో చెప్పినా రాసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉంది. ఫిర్యాదు రాసుకోని పోలీసుకు కూడా పోక్సో చట్టంలో శిక్ష ఉంది. అలాంటప్పుడు బందరులోని జిల్లా ఎస్.పి.కి కాగితం రాసి పంపవచ్చు.

పిల్ల పేరు ఊరంతా తెలిసిపోతుందా?

పిల్ల పేరు, ఫొటో, ఇల్లు, బడి పత్రికల్లో, టీవీల్లో రాకూడదు. వేస్తే నేరం. విచారణ ప్రత్యేక కోర్టులో, తలుపులు మూసి జరుగుతుంది. పిల్ల అక్కడ నిందితుణ్ణి చూడనక్కరలేదు. లాయర్లు పిల్లను సూటిగా ప్రశ్నలు అడగకూడదు. జడ్జిగారే అడుగుతారు. వీలైనంతవరకు ఏడాదిలోపు విచారణ ముగించాలని చట్టం చెబుతోంది.

లాయరుకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తాం?

ఆడవాళ్లకు, పిల్లలకు లాయరు సాయం ఉచితం. దీనికి 1987 నాటి చట్టం ఉంది. బందరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. అక్కడికి వెళ్లి అడగవచ్చు. పిల్ల వైద్యానికి, చదువుకు పరిహారం ఇప్పించమని కోర్టును కూడా కోరవచ్చు. కేసు తేలకముందే కొంత సొమ్ము ఇప్పించే అధికారం ప్రత్యేక కోర్టుకు ఉంది.

తప్పుడు కేసు పెడితే?

మాస్టార్లలో చాలామంది మంచివారే. పగతో ఎవరి మీదా అబద్ధపు కేసు పెట్టకూడదు. తెలిసి తెలిసి పెట్టే పెద్దవాళ్లకు శిక్ష ఉంది. కాని నిజమని నమ్మి చెప్పినవారికి ఏ శిక్షా లేదు. పిల్లలకైతే అసలే లేదు. నిజమో కాదో తేల్చవలసింది కోర్టు. పెద్దమనుషులు కాదు.

5. నిజంగా జరిగినవి రెండు

ఒకటి హైదరాబాద్‌లో జరిగింది. 2022 అక్టోబరు. బంజారాహిల్స్‌లో డి.ఎ.వి. పబ్లిక్ స్కూలు. ఎల్.కె.జి. చదివే నాలుగేళ్ల పాప. ప్రిన్సిపాల్ దగ్గర పనిచేసే డ్రైవరు ఆ పాప మీద అఘాయిత్యం చేశాడు. పాప తీరు మారడం తల్లిదండ్రులు గమనించారు. మెల్లగా అడిగి తెలుసుకున్నారు. పోలీసులకు ఫిర్యాదు చేశారు. డ్రైవరును అరెస్టు చేశారు. ప్రభుత్వం బడి గుర్తింపు రద్దు చేయించింది. తరువాత మిగతా పిల్లల చదువు పాడవకుండా బడి నడవనిచ్చింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు డ్రైవరుకు 20 ఏళ్ల జైలు శిక్ష వేసింది. నేరం బయటపడ్డాక ఆరు నెలలకే తీర్పు వచ్చింది.

చూడండి. ఆ పాప వయసు నాలుగేళ్లు. రాయడం రాదు. సరిగా చెప్పడం కూడా రాదు. అయినా తల్లిదండ్రులు పట్టించుకున్నారు. నమ్మారు.

రెండోది రాజస్థాన్‌లో జరిగింది. 2022 జనవరి. ఒక ప్రభుత్వ బడి మాస్టారు తరగతి గదిలో ఒక విద్యార్థిని మీద చెయ్యి వేశాడని తండ్రి కేసు పెట్టాడు. కొద్ది రోజులకే తండ్రి స్టాంపు కాగితం మీద సంతకం పెట్టాడు. అపార్థం వల్ల కేసు పెట్టామని అందులో ఉంది. రాజీ కుదిరింది కదా అని అక్కడి హైకోర్టు కేసు కొట్టివేసింది.

అంతటితో అయిపోలేదు. ఆ కుటుంబానికి చెందని బయటివాళ్లు ఇద్దరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇలాంటి నేరం ఒక్క కుటుంబం గొడవ కాదు, సమాజం మొత్తానికి సంబంధించినది. తండ్రి రాజీపడ్డాడని కేసు కొట్టివేయడం చెల్లదు. కేసు నడవాలి. ఇదీ ఆ తీర్పు.

కథలో పెద్దమనుషులు తెచ్చిన కాగితం కూడా ఇలాంటిదే. రాజీ కాగితం రాసినంత మాత్రాన నేరం పోదు. కాని ఆ కాగితం పిల్లను అబద్ధాలకోరును చేస్తుంది. సాక్ష్యాన్ని బలహీనం చేస్తుంది. అందుకే దాని మీద సంతకం పెట్టకూడదు.

6. జరగకముందే ఏం చెయ్యాలి?

బడిని అడగండి. 2020లో వచ్చిన పోక్సో నియమాల ప్రకారం బడిలో పనిచేసే ప్రతి ఒక్కరి గురించి పోలీసు విచారణ చేయించాలి. ఒకసారి చేయిస్తే చాలదు. అప్పుడప్పుడు మళ్లీ చేయించాలి. పర్మినెంటు ఉద్యోగి అయినా, కాంట్రాక్టు మీద వచ్చినవాడయినా ఇదే నియమం. "విచారణ చేయించారా?" అని అడిగే హక్కు మనకు ఉంది.

కమిటీలో చేరండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడికి, ప్రభుత్వ సాయం పొందే బడికి ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లు. మీరు అందులో ఉంటే మీటింగుకు వెళ్లండి. మినిట్సు పుస్తకంలో ఏం రాశారో చదవండి. చదివాకే సంతకం పెట్టండి. ప్రైవేటు బడి అయితే తల్లిదండ్రుల మీటింగులో అడగండి. బస్సులో ఆయా ఉందా, స్పెషల్ క్లాసులో పిల్ల ఒంటరిగా ఉండిపోతోందా అని అడగండి.

పిల్లలతో మాట్లాడండి. "నీ ఒళ్లు నీది. ఎవరైనా ముట్టుకుంటే నీకు ఇబ్బందిగా ఉందా? వద్దని గట్టిగా చెప్పు. అక్కడి నుంచి వచ్చెయ్. ఆయన మాస్టారయినా, చుట్టమయినా సరే, నాకు చెప్పు. నేను కోప్పడను." ఈ మాట ఒకసారి చెబితే చాలదు. తల దువ్వేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు మళ్లీ మళ్లీ చెప్పండి. మగపిల్లలకు కూడా చెప్పండి.

పిల్లల తీరు చూడండి. ఉన్నట్టుండి బడి అంటే భయపడుతున్నారా? ఒక మనిషి పేరు చెబితే ముడుచుకుంటున్నారా? నిద్రలో ఉలిక్కిపడుతున్నారా? కారణం వేరే కూడా కావచ్చు. కాని తిట్టకముందు అడగండి.

గుర్తుంచుకోండి

1098 – పిల్లల కోసం. రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫోను ఖర్చు లేదు.
112 – పోలీసు సాయం కోసం.

పిల్ల చెబితే నమ్మాలి.
తప్పు పిల్లది కాదు. పిల్లను బడి మాన్పించకూడదు.
డబ్బు తీసుకుని రాజీ పడకూడదు.
ఫిర్యాదు కాగితం చదవాలి. తప్పు ఉంటే దిద్దించాలి. నకలు తీసుకోవాలి.

కలిసి మాట్లాడుకోండి

1. తల్లికి చదువు రాకపోతే ఈ కథలో ఏం జరిగేది?
2. "పరువు పోతుంది" అన్నాడు తండ్రి. ఎవరి పరువు పోవాలి?
3. మాస్టారిని బదిలీ చేయిస్తే సరిపోతుందా? ఎందుకు?
4. మన బడి కమిటీలో ఉన్న ఆడవాళ్ల పేర్లు మీకు తెలుసా? తెలుసుకుని రాయండి.
5. 1098 నంబరు మీ ఇంటి గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో రాయండి.

నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రి బడిలో ఒక పాఠం చదివారు. ఆ తరువాత సారా వద్దన్నారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లు కూడా మనలాగా కొత్తగా అక్షరాలు నేర్చుకున్నవాళ్లే.

ఈ రాత్రి మీ పిల్ల నోటు పుస్తకం తెరవండి. పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ చదివి వినిపించండి. అమ్మకు చదువు వచ్చిందని పిల్లకు తెలియాలి.